చిన్నమ్మ పిలిచే స్టాపులు

మొన్న స్టేషన్ ఘన్‌పూర్‌లో జఫర్‌గఢ్ బస్సెక్కాను. కండక్టరమ్మ మిషన్‌లో ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్లు కొడుతూ పోయింది తప్ప ఒక్క స్టాపు పేరూ పిలవలేదు. మా చిన్నమ్మ చూస్తే ఊరుకునేది కాదు. ఆమె ఇదే దారిలో కండక్టరుగా చేసింది. ఆమె స్టాపు పిలిస్తే బస్సులో నిద్రపోయేవాళ్లే కాదు, పక్క చేలో పత్తి ఏరేవాళ్లు కూడా తలెత్తేవారు.

అలాంటి గొంతు ఒక ఏడాది సాయంత్రం ట్రిప్పుకల్లా ముక్కుతో మాట్లాడినట్టు అయిపోసాగింది. రెప్పలు వాలిపోయేవి. డ్యూటీలో కునుకు తీస్తోందని ఎవరో ఫిర్యాదు కూడా చేశారు. తీరా చూస్తే రొమ్ము ఎముక వెనక, థైమస్ గ్రంథిలో గడ్డ. దానితోపాటే వచ్చిన జబ్బు వల్ల, వాడినకొద్దీ కండరాల్లో సత్తువ సడలిపోతోందట. ఎముక కోసి గడ్డ తీశారు. మెల్లగా గొంతు మళ్లీ పత్తి చేలదాకా వెళ్లింది. కొన్నేళ్లు స్కాన్లు తీయించి, ఇక పీడ వదిలిందని మైసమ్మకు మొక్కు చెల్లించి మేం మరిచిపోయాం. చిన్నమ్మ మరవలేదు. రిటైరయ్యాక కూడా రోజూ సాయంత్రం వాకిట్లో నిలబడి ఆ దారిలోని తొమ్మిది స్టాపులూ వరసగా పిలిచేది. "బస్సు ఎప్పుడో పోయింది చిన్నమ్మా" అని నేను ఆటపట్టించేవాణ్ణి.

పన్నెండేళ్ల తర్వాత ఒకరోజు ఫోన్ చేసింది. "నాలుగో స్టాపు కాడనే గొంతు జారుతున్నదిరా. వారం సంది గిట్లనే ఉన్నది. జర దవాఖానకు పోదామా?"

"గడ్డ తీసేసి పన్నెండేండ్లాయె గద. వయసుకు గట్లనే ఉంటది" అన్నాను. చదువుకున్నవాడి తెలివి.

"తీసిండ్రు. ఎన్నేండ్లకైన మళ్ల రావచ్చు, కనిపెట్టుకొని ఉండుమని గూడ చెప్పిండ్రు. నువ్వు ఇనలే, నేనిన్న."

పాత ఫైలు సంచిలో పెట్టుకొని ఒక్కతే పోయింది. స్కానులో ఊపిరితిత్తి పొర మీద మళ్లీ గడ్డలు, ఇంకా చిన్నవే. ఆలస్యమైతే ఊపిరి తీసే కండరాలకే ముప్పు వచ్చేదని, విషయం తెలిసి దవాఖానకు పరుగెత్తుకెళ్లిన నావైపు చూసి డాక్టరు చెప్పాడు. సిగ్గుతో తల దించుకున్నాను.

రెండో ఆపరేషనైంది. మాత్రలు నడుస్తున్నాయి. నిన్న సాయంత్రం నేనే ఫోన్ చేసి స్టాపులు పిలవమన్నాను. ఆరు దాకా వచ్చి ఆగింది. "ఇయ్యాల్టికి గింతే. రేపు సూద్దాం" అంది, బస్సు ఆలస్యమైనప్పుడు ప్రయాణికులకు చెప్పినంత మామూలుగా. గడిచిన పన్నెండేళ్లను నమ్మినవాణ్ణి నేను. చిన్నమ్మ మాత్రం ఏ రోజు సాయంత్రం ఆ రోజే తన గొంతును అడిగి తెలుసుకుంది.