త్రివేణి ఫెయిలైన క్యాంపు

మన తెలుగువాళ్ళకు క్యాంపింగ్ నేర్పడం కన్నా పెద్ద శిక్ష ఇంకోటి లేదు. పరాయి దేశంలో మేముండే నేపర్‌విల్ చుట్టుపక్కల పిల్లల క్యాంపింగ్ గ్రూపులు నడిపే పెద్దవాళ్ళకు శిక్షణ ఇచ్చేది నేనే, కొండల్ రావుని. టెంట్ వేయడం నేర్చుకోండయ్యా అని పిలిస్తే కరెంటు లేని అడవికి రైస్ కుక్కర్ మోసుకొచ్చిన మహానుభావులున్నారు. ఇంతా చేసి నేను నేర్పేది ఒక్కటే. పిల్లలు చేస్తుంటే మీరు చెయ్యి పెట్టకండి. టెంట్ కూలితే కూలనివ్వండి, అన్నం మాడితే మాడనివ్వండి. ప్రమాదం కనిపిస్తే మాత్రం ఒక్క ఉదుటున అక్కడుండాలి. మొదటి సగం మనవాళ్ళకు చచ్చినా రాదు. మీసాలొచ్చిన పిల్లాడికి కూడా ముద్దలు కలిపి పెట్టే జాతి మనది.

త్రివేణికి మాత్రం అది మొదటిసారే వచ్చేసింది.

ఆమె భర్త భానుప్రకాష్ మా ఊరి పిల్లల గ్రూపు పెట్టిన మనిషి. మొన్న చలికాలంలో ఆఫీసులో గుండె ఆగి పోయాడు. త్రివేణి ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఆయన ఎన్నిసార్లు క్యాంపుకి పిలిచినా, నేల మీద పడుకోవడానికా నెల్లూరు నుంచి ఇంత దూరం వచ్చింది అని వెక్కిరించేది తప్ప కదిలేది కాదు. ఆయన పోయాక వంట చేసింది, ఆఫీసుకి వెళ్ళింది, పలకరించడానికి వచ్చినవాళ్ళకు కాఫీ ఇచ్చింది. ఏడవగా ఎవరూ చూడలేదు. గట్టి మనిషి అన్నారందరూ. ఏం గట్టితనమో, నాకైతే భయమేసింది.

గ్రూపు నడవాలంటే శిక్షణ పాసైన పెద్దవాళ్ళు ఇద్దరుండాలి. ఆయనతో కలిసి గ్రూపు నడిపినవాళ్ళలో మిగిలింది అలేఖ్య ఒక్కతే. నేను చేరదామంటే నాకు ఇంకో గ్రూపు ఉంది. మిగతా తల్లిదండ్రులను అడిగితే వీకెండ్ అంతా క్రికెట్టూ సంగీతం క్లాసులూనట. నా శిక్షణ క్యాంపులో రెండో మనిషి పాస్ కాకపోతే వేసవికి గ్రూపు మూసేస్తారు. త్రివేణి కూతురు సాన్వికి పన్నెండేళ్ళు. నాన్న చేతుల మీదుగా ఆ పిల్లకు మిగిలింది ఆ గ్రూపే. అందుకని త్రివేణి పేరిచ్చింది.

తాళ్ళకు ముడులు వేయడం, స్టవ్ వెలిగించడం, చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంది. చివరి రోజు పిల్లలను పిలిపించి, అన్ని పనులూ వాళ్ళకే అప్పగించాను. పెద్దవాళ్ళు చూస్తూ నిలబడాలి, అదే పరీక్ష. గాలికి సాన్వి వేస్తున్న టెంట్ రెండుసార్లు కూలింది. పిల్ల ఏడుపు మొహంతో తల్లి వైపు చూసింది. త్రివేణి కదల్లేదు. ఎంత కంట్రోల్ చూడండి అని అలేఖ్య నా చెవిలో మురిసిపోయింది. నిజం చెప్పొద్దూ, గ్రూపు నిలబడిందని నేనూ సంతోషించాను.

తర్వాత వంట. సాన్వి నూడుల్స్ కలుపుతోంది. వదులు చొక్కా చెయ్యి స్టవ్ మంట మీదికి జారింది. తల్లి చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉంది, అటే చూస్తోంది. అంచు నల్లబడి పొగ రావడం అవతల ఎక్కడో ఉన్న నాక్కూడా కనిపించింది. పరుగెత్తి పిల్లను లాగి నీళ్ళు పోశాను. బట్ట తప్ప ఏమీ కాలలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కళ్ళు కనిపించడం లేదా అమ్మా అని అందరి ముందూ కేకలేశాను.

“కనిపించింది అన్నయ్యా,” అంది త్రివేణి. “కాలుతుందని కూడా తెలిసింది. అంతే, ఇంకేమీ అనిపించలేదు. ఆయన పోయినప్పటి నుంచీ ఇంతే. నన్ను పాస్ చేయకండి.”

అలేఖ్య నన్ను పక్కకు లాక్కెళ్ళి బతిమాలింది. ఒక్క పొరపాటు, ఏమీ కాలేదు కదా, నేను ఉంటాను కదా, పిల్ల మొహమైనా చూడండి అంది. సగం ప్రాణం అటే లాగింది. కానీ రేపు అక్కడుండేది పదిమంది పిల్లలు. పాస్ చేయలేదు.

ఆ మాట సాన్వికి చెప్పే ధైర్యం నాకు లేదు. త్రివేణే వెళ్ళింది. పిల్ల తడిసిన చొక్కాతో బెంచీ మీద కూర్చుని ఉంది.

“నేను ఫెయిలయ్యాను సాన్వీ. గ్రూప్ ఇంక ఉండదు. నీ చెయ్యి కాలబోతుంటే చూస్తూ నిలబడ్డాను.”

“ఐ నో, అమ్మా. నేను నిన్నే చూస్తున్నా,” అంది సాన్వి. “నువ్వు వస్తావేమో అని చెయ్యి తియ్యలేదు.”

నేను అటు తిరిగి, టెంట్ మడిచే నెపంతో ఏడ్చాను. ఏడవాల్సిన మనిషి ఏడవలేదు. కాసేపటికి సాన్వి లేచి ఇద్దరి బ్యాగులూ డిక్కీలో పెట్టింది. తల్లి దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని కారు దాకా నడిపించింది. తలుపు తీసి, తల తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి కూర్చోబెట్టింది.