ఎండిన బోరులో పోసిన ఎరుపు

మా మామయ్య చేతులు చర్మం రంగులో ఉండగా నేనెప్పుడూ చూడలేదు. మోచేతుల దాకా ఒకరోజు నీలం, ఇంకోరోజు పసుపు. పెళ్ళి ఫోటోలో కూడా ఆకుపచ్చ గోళ్ళే అని అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది. బట్టలకు రంగులద్దడం ఆయన పని. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన రంగులాయనే.

పని దొరక్క నేను ఇంట్లో ఈగలు తోలుకుంటున్న రోజుల్లో, పెరటి షెడ్డులో బట్టలు పిండే పనిచ్చి అక్కడే ఉండమన్నది ఆయనే. చెయ్యి పెద్దది, మనసు వెన్న. ఒకటే జబ్బు, తన మాటే నెగ్గాలి. ఎవరైనా కాదన్నారంటే ఆ పూట అన్నం మీద అలుగుతాడు.

మా వీధి ఏటవాలుగా ఉంటుంది. ఎగువ కొసన మా ఇల్లు. దిగువ కొసన ఆయన కూతురు, అంటే మా వదిన, అల్లుడు, వాళ్ళ పాప. షెడ్డులో వాడేసిన రంగునీళ్ళు వీధి కాలువలో పడి వాళ్ళ గుమ్మం దాకా పారేవి. దారిలో ఉన్న ఇళ్ళవాళ్ళంతా వంతులవారీగా వచ్చి తిట్టిపోసేవారు.

"ఏవయ్యా రంగులాయనా, నా తెల్ల కుక్క నీలం కుక్కయింది, దీన్నెవరు గుర్తుపడతారు?" అని దర్జీ ఒకసారి కుక్కను చంకన పెట్టుకుని మరీ వచ్చాడు.

వీధిలో ఎవరింటి బోరు వాళ్ళదే, తాగేదీ ఆ నీళ్ళే. పోయిన ఎండాకాలం మా పెరట్లో బోరు ఎండిపోయింది. మామయ్య ఇంటి ముందు, ఎగువ వైపున, ఇంకా లోతుగా కొత్తది వేయించాడు. పాత బోరు మూతికి ఒక రాయి కప్పి ఉంచాం. ఒకరోజు ఆ రాయి తీసేసి, షెడ్డులోంచి గొట్టం తెచ్చి అందులో దించాడు.

"చూశావటే, ఎంత పోసినా తాగేస్తోంది! దీనికి కడుపు నిండదు. ఇక వీధిలోకి చుక్క పోదు."

"మేడ మీద పడే వాన నీళ్ళు వడకట్టి అందులోకి వదిలితే మళ్ళీ ఊట పడుతుందేమో కదండీ. ఈ కంపు అందులో పోస్తారేంటి?" అంది అత్తయ్య.

"వాన ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? రంగునీళ్ళు రోజూ వస్తాయి."

వీధంతా ఆయన్ని మెచ్చుకుంది. మెకానిక్కు తన ఎండిన బోరులోకి నూనె కడిగిన నీళ్ళు వదలడం మొదలుపెట్టాడు. ఆ గొట్టం దగ్గరుండి బిగించింది మామయ్యే. రోజూ సాయంత్రం తొట్టి ఖాళీ చేసేటప్పుడు లోపల గుటగుటమని చప్పుడయ్యేది. అది వింటే నాకు భయం వేసేది. ఎందుకో చెప్పలేను. భూమి ఎంత మింగినా ఎక్కడో ఒకచోట కక్కాలి కదా అనిపించేది.

వానలు వెనకబడ్డాయి. ఆ రోజుల్లోనే పాపకి వాంతులు మొదలయ్యాయి. ఒళ్ళంతా దద్దుర్లు, పాకే పిల్ల పాకడం మానేసింది. డాక్టరమ్మ మందులు మార్చి మార్చి, చివరికి తాగే నీళ్ళు మార్చి చూడమంది. అల్లుడు తెల్లారగానే స్కూటరు మీద ఊరి అవతలి నుంచి క్యాన్లు మోసుకురావడం మొదలుపెట్టాడు. పాప నెమ్మదిగా తేరుకుంది.

అత్తయ్య ఆగలేకపోయింది. "మన బోరేనండీ. మనం పోసిందే పాప కడుపులోకి పోయింది."

మామయ్య ముఖం పాలిపోయింది. "నా మనవరాలికి నేను విషం పోశానంటావా?" అన్నాడు. అలిగి కాదు, ఆ పూట నిజంగానే ముద్ద దిగలేదు ఆయనకి.

మర్నాడు డ్రమ్ము నిండా ముదురు ఎరుపు కలిపాడు. నేనెప్పుడూ అంత చిక్కటి రంగు చూడలేదు. మొత్తం పాత బోరులో దిమ్మరించాడు.

"పాత బోరుకి అందరికన్నా దగ్గర మన కొత్త బోరే. మన కుళాయిలో ఎరుపు కనిపించిందా, నాదే తప్పు. కనిపించలేదా, ఇంకెక్కడా కనిపించదు. మళ్ళీ ఎవరూ నోరెత్తకూడదు."

కుళాయి కింద తెల్లటి పింగాణీ బేసిను పెట్టాడు. పొద్దునా సాయంత్రం దాని మీదకి వంగి చూసేవాడు. వారం గడిచింది, మరో వారమూ గడిచింది. నీళ్ళు తేటగానే ఉన్నాయి. ఆయన మళ్ళీ కడుపునిండా తిన్నాడు, షెడ్డులో కూనిరాగం తీశాడు. మెకానిక్కుని పిలిచి బేసిను చూపించాడు. నేనూ హమ్మయ్య అనుకున్నాను.

ఆ సాయంత్రమే వదిన ఇంటికి వెళ్ళాడు. "ఇక ఆ క్యాన్ల మోత మానండమ్మా. అల్లుడి నడుం పడిపోయేలా ఉంది. బంగారంలాంటి నీళ్ళు, పాపకి నిశ్చింతగా పట్టు. పూచీ నాది."

మా గుమ్మం ముందు పడిన వాన వదిన గుమ్మం దాటే పోతుంది. పుట్టినప్పటి నుంచీ అది చూస్తున్నాం. భూమి లోపలి నీళ్ళూ ఆ వాటంలోనే నడుస్తాయని, కిందకి పోయేది ఎగువనున్న మా కుళాయికి ఎక్కిరాదని మాలో ఒక్కరికీ తట్టలేదు.

కొన్నాళ్ళకు వదిన ఫోన్ చేసింది. "నాన్నా, కుళాయిలో తుప్పు వస్తున్నట్టుంది. పాపకి స్నానం చేయిస్తుంటే నీళ్ళు ఎర్రగా కనిపిస్తున్నాయి."

మామయ్య చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. వెనకే నేను. పాప టబ్బులో కూర్చుని రెండు చేతులతో నీళ్ళు కొడుతూ నవ్వుతోంది. ఆ ఎరుపు ఎవరు కలిపిందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

"తుప్పే కదా నాన్నా? మరిగించి పట్టొచ్చా?"

ఆయన పాపని టబ్బులోంచి లాగి తువాలులో చుట్టి, ఎగువనున్న ఆసుపత్రి వైపు నడిచాడు. నడక కాదు, పరుగు. గుమ్మం గుమ్మం దగ్గరా ఎవరో ఒకరు బకెట్టు ఎత్తి చూపిస్తున్నారు. "రంగులాయనా, ఈ నీళ్ళేంటో కాస్త చూడు" అని పిలుస్తున్నారు. ఆయన ఎవరి వైపూ చూడలేదు. ఆయాసపడుతూనే, వెనకే పరుగెత్తుకొస్తున్న కూతుర్ని ఒక్కటి అడిగాడు.

"మళ్ళీ ఈ నీళ్ళు పాపకి ఎప్పట్నుంచి పడుతున్నావే?"

"నువ్వు పట్టమన్న రోజు నుంచే నాన్నా" అంది వదిన.