గరిటె కొసన గోరంత బెరడు

ముందుగా క్షమాపణలు. ఇంత పెద్ద మనిషి గురించి ఇంత చిన్నవాడు కలం పట్టినందుకు తెలుగు భాషకూ, ఉదయగిరి కొండకూ, ఆత్మకూరు డిగ్రీ కాలేజీలో మూడేళ్ళు నాకు తెలుగు చెప్పి అలసిపోయిన సారుకూ, నా పరీక్ష పేపర్లు దిద్ది నన్ను గట్టెక్కించిన అజ్ఞాత మహానుభావుడికీ శిరసు వంచి క్షమాపణ చెప్పుకుంటున్నాను. కింది వాక్యాల్లో తప్పులుంటే నావి. మంచి మాట ఎక్కడైనా కనిపిస్తే అది అవ్వది. ఇంతకన్నా ఘనంగా క్షమాపణ చెప్పడం నాకు రాదు.

మా ఎదురింటి అవ్వ పోయింది. రెండు వారాల కిందట శనివారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని, అట్లాగే పోయింది. ఆమె కూతురు, నేను అత్తా అని పిలిచే ఆవిడ, మా గడపలోకి వచ్చి నిలబడి, "అమ్మ పలకడంలేదురా, ఒకసారి వచ్చి చూడు" అంది. వెళ్ళి చూశాను. చేతులు రెండూ ఒళ్ళో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పని మానేసిన ఏడాదిన్నరగా అవి అక్కడే ఉంటున్నాయి కాబట్టి కొత్తగా చూడడానికేమీ లేదు.

వాళ్ళది కర్ర గరిటెలు చెక్కే ఇల్లు. మా వీధిలో అలారం పెట్టుకునేవాళ్ళు తక్కువ. అవ్వ ఉలి మొదలైతే తెల్లారినట్టు. నేల మీద కూర్చుని, రెండు పాదాల మధ్య కర్ర బిగించి, మాట్లాడుతూనే చెక్కేది. చూపు మన మీద ఉండేది, ఉలి కర్ర మీద ఉండేది. వేలు తెగుతుందేమో అవ్వా అంటే, "చేతికి తెలుసులేరా, దానికి నువ్వు చెప్పబన్లేదు" అనేది.

ఆమె గరిటెలకు ఒక గుర్తు ఉండేది. పిడి కొసన గోరంత బెరడు వదిలేసేది. మిగతాదంతా ఆకురాయితో రుద్ది, ఉప్పుకాగితంతో నున్నగా చేసి, ఆ కొసను మాత్రం ముట్టుకునేది కాదు. సరుకు తీసుకెళ్ళే ఆయన ప్రతిసారీ గొణిగేవాడు.

"ఏందమ్మా ఇది, పని సగంలో వదిలేసినట్టుండాది. గిరాకీ వాళ్ళు అడగతాండారు."

"అడిగితే చెప్పు. ఇది కొండ మీద చెట్టుగా ఉన్నింది, ఆ సంగతి మర్చిపోబాకండి అని."

"గరిటె కొనేవాళ్ళకు చెట్టు ఎందుకమ్మా?"

"అయితే స్టీలుది కొనుక్కోమను."

ఆయన నవ్వి మూట కట్టుకుని పోయేవాడు. బెరడు ఉన్న గరిటెలు ఉన్నట్టే అమ్ముడయ్యేవి. చూడగానే ఎవరివో తెలిసేవి.

ఇప్పుడు నా చదువు కథలోకి వస్తుంది. చివరి ఏడాది సారు మాకు తలా ఒక మాట పంచి ఇచ్చారు. దాని అర్థం రాయాలి, రోజువారీ వాడుకలు పది సేకరించాలి. "నోటి నుంచి తేవాలి, ఫోన్లోంచి కాదు" అని నా వైపే చూసి చెప్పారు. నాకు వచ్చిన మాట 'మార్చు'. సులువుగా పేజీలు నిండే మాట వచ్చిందని సంతోషించి, బస్సు దిగి, నోటుపుస్తకంతో నేరుగా అవ్వ ముందు కూర్చున్నాను. వీధి దాటితే చాలు కదా, పరిశోధనకు అంతకన్నా దూరం నేను పోను.

"అవ్వా, కర్రను గరిటెగా మారుస్తావు కదా. దాని మీద నాలుగు ముక్కలు చెప్పు."

ఆమె ఉలి ఆపలేదు. "నిఘంటువులో ఏం రాసుండారు?"

"ఒక రూపం నుంచి ఇంకో రూపానికి తెచ్చు అని."

"మరి పాలు పెరుగైతే మారినాయంటావా?"

"తోడుకున్నాయంటాను."

"దోసెల పిండి?"

"పులిసిందంటాను."

"మామిడికాయ?"

"మాగిందంటాను."

"చూడు మరి. ఇంట్లో ఇన్ని జరగతాండాయి, ఒక్కదానికీ నీ మాట పనికిరాలేదు."

నా పది వాడుకల్లో మూడు అట్లా ఎగిరిపోయాయి. తర్వాత ఆమే దయతలచి కొన్ని ఇచ్చింది. పాత చీరలు నాలుగు కలిపి బొంతగా మార్చినాను అనేది ఒకటి. గొర్రెల మందను ఈ చేను నుంచి ఆ చేనుకు మార్చినారు అనేది ఇంకొకటి. ఎరువు పడి ఆ చేను మరుసటి ఏడు పచ్చగా లేచేది. బిడ్డకు గుడ్డలు మార్చడం, దేవుడి పటం ఈ గోడ నుంచి ఆ గోడకు మార్చడం, పెద్దవాళ్ళ మనసు మార్చడం. ఆఖరిది కుదిరే పని కాదని కూడా చెప్పింది. అన్నీ రాసుకున్నాక, వీటన్నిటికీ కలిపి అర్థం ఏమని రాయమంటావు అని అడిగాను. అప్పుడు ఉలి ఆపింది.

"దానంతట అది అయితే దాని ఇష్టంరా. మనిషి చెయ్యి పెట్టినాడా, అది మార్చడం. చెయ్యి పెట్టినోడే జవాబు చెప్పాల. ఉన్నిందేంది, పోయిందేంది, ఎందుకు పోయింది, అన్నిటికీ."

"బెరడు అందుకేనా?"

"ఒక్క ముక్కన్నా మిగిలిస్తే రేపు కర్రకు మొకం చూపించొచ్చు."

ఆ మాట సారుకు నచ్చలేదు. అంటే నేను రాసిన తీరు నచ్చలేదు. మార్చడమంటే మెరుగుపరచడమని నేనే మధ్యలో సొంతంగా ఒక అర్థం దూర్చాను, నిఘంటువుకు నా వంతు సేవగా. సారు దాని పక్కన ఎర్ర ఇంకుతో "దీనికి ఉదాహరణ ఏదీ?" అని రాసి తిప్పి పంపారు.

ఆ వారంలోనే అవ్వ ఇంట్లో ఒక సంగతి జరిగింది. నెల్లూరులో ఏదో ప్రదర్శనకు ఇరవై నాలుగు గరిటెలు అడిగారు. అన్నీ చెక్కి, అట్టపెట్టెలో సర్ది, తల్లీ కూతుళ్ళిద్దరూ అనుమసముద్రంపేట దర్గాకు పోయారు, మొక్కు ఉందని. సాయంత్రం వచ్చారు. నాకు దర్గా చక్కెర అరచేతిలో పోసి, అవ్వ లోపలికి పోయి పెట్టె తెరిచింది. ఒక్క గరిటెకూ బెరడు లేదు. ఇరవై నాలుగు పిడులూ కొసదాకా నున్నగా ఉన్నాయి.

అత్త ఇల్లంతా చూసింది. "ఎవరన్నా వచ్చినారేమో అమ్మా."

"వచ్చి? సామాను వదిలేసి గరిటెలకు గుండు కొట్టి పోతాడా ఎవడన్నా?"

అవ్వ ఒక్కో గరిటె తీసి, కొసను బొటనవేలితో తడిమి, పక్కన పెట్టింది. ఇరవై నాలుగూ తడిమాక తన అరచేతులు చూసుకుంది.

"నేనే తీసేసినట్టుండాను. గుర్తులేదే. చెయ్యి మర్చిపోయింది."

గరిటెలు నెల్లూరు పోయాయి, చక్కగా అమ్ముడయ్యాయి. ఈసారి పని భలే నీటుగా ఉండాదమ్మా అని సరుకు ఆయన మెచ్చుకుని మరీ పోయాడు. డాక్టరుకు చూపించారు, వయసు తప్ప జబ్బేమీ లేదన్నాడు. అవ్వ మాత్రం మళ్ళీ ఉలి పట్టలేదు. నువ్వు కూర్చుంటే చాలవ్వా, చెయ్యే చేసుకుంటుందన్నావు కదా అని ఒకరోజు నేను అన్నాను. "మర్చిపోయిన చేతికి ఉలి ఇయ్యకూడదురా. ఈరోజు బెరడు తీసింది, రేపు ఏం తీస్తుందో" అంది. ఆ తర్వాత అత్త ఒక్కతే పొద్దెక్కాక చెక్కేది, మా వీధి ఆలస్యంగా లేవడం అలవాటు చేసుకుంది.

ఇది ఇక్కడితో ముగిస్తే స్మృతి వ్యాసానికి నిండుగానే ఉండేది. కానీ దినం అయిన మరుసటి రోజు అత్త తను చెక్కిన గరిటె ఒకటి పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"అల్లుడా, కొసన బెరడు ఉండాదా చూడు."

"ఉంది కదత్తా."

"నాకూ కనపడతాండాది. అయినా ఇంకొకరి చేత చూపించుకుంటే గానీ నమ్మకం కుదరడంలేదు. మా అమ్మకు వచ్చింది నాకూ వస్తది గదా. ఉలులు మూట కట్టేసినాను. ఆదివారం కలిగిరి నుంచి మా ఆడబిడ్డ వస్తాంది, ఇచ్చేస్తాను."

నేను జోకు వేయాల్సిన చోటు అది. నోట్లో మాట సిద్ధంగానే ఉంది. వేయలేదు.

అందుకని పైన చెప్పిన క్షమాపణలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. సారుకూ, కొండకూ, తెలుగు భాషకూ నేను చేసిన అపకారం ఏమీ లేదు. వాళ్ళు నన్ను తట్టుకోగలరు. చేసింది ఒక్కటే. ఆ రోజు వాళ్ళు దర్గాకు పోయాక, తాళం లేని ఆ ఇంట్లోకి పోయి, ఎర్ర ఇంకు ప్రశ్నకు, మార్చడమంటే మెరుగుపరచడమేనని చూపించే ఉదాహరణ కావాలని, బ్లేడుతో ఇరవై నాలుగు బెరడు ముక్కలూ లేపి, ఉప్పుకాగితం పెట్టి కొసలు నున్నగా రుద్దింది నేను. సాయంత్రం చెప్పి నవ్విద్దామనుకున్నాను. ఆమె చేతులు చూసుకుంటుంటే చెప్పలేదు. మరుసటి రోజూ చెప్పలేదు. ఏడాదిన్నర రోజూ ఎదురుగా కూర్చుని చెప్పలేదు.

అవ్వ చెయ్యి ఏమీ మర్చిపోలేదు అత్తా. ఆదివారానికి ముందే, ఇది అచ్చు కాకముందే, నీ అరుగు మీద కూర్చుని చదివి వినిపిస్తాను. నా జామెట్రీ బాక్సు కూడా తెస్తాను. ఇరవై నాలుగూ అందులోనే ఉన్నాయి, ఎండి వంకరపోయి, ఒక్కొక్కటి గోరంత.