సూదిని నమ్మని చేయి

గత నెల ఒక మంగళవారం ఉదయం మా ఆవిడ గుండె ఆగి చనిపోయింది. కృష్ణానగర్‌లో ఆమె కారెక్కి షూటింగులకు వెళ్లినవాళ్లలో చాలామందికి ఈ సంగతి ఇంకా తెలియదు. వాళ్ల కోసం, ఆమెను ఎరగని మీ కోసం ఈ నాలుగు మాటలు.

పద్దెనిమిదేళ్లు డాన్సర్లను ఫిలింనగర్, జూబ్లీహిల్స్ సెట్లకు చేర్చింది. ఆలస్యంగా వెళ్తే ఆ చోట ఇంకొకరిని నిలబెడతారు. అందుకే కాల్ టైం, అంటే షూటింగుకు రమ్మన్న వేళ, ఎన్నడూ తప్పలేదు.

రోజూ తాళం తిప్పే ముందు బానెట్ ఎత్తి, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ డబ్బా చూసేది. రేడియేటర్ పై పైపు మీద అరచేయి పెట్టేది.

"బండిని పలకరిస్తున్నవా?" అనేవాణ్ణి.

"నిన్ను పలకరిస్తే పాఠం మొదలుపెడ్తవ్ గద."

నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి.

ఒక సెలవు రోజు నేనూ వెంట వెళ్లాను. వెనక ముగ్గురు అమ్మాయిలు. ఏడింటికి కాల్. మా సందు దాటకముందే ఇంజన్ వేడి చూపే సూది ఎర్రగీతను తాకింది.

"ఆపు, ఇంజన్ పట్టేస్తది" అన్నాను.

ఆపింది. సందు చివరి మెకానిక్ వచ్చి చూశాడు.

"ఇంజన్ హెడ్ పోయినట్టున్నదక్కా. ఇంజన్ ఇప్పాలె. పది దినాలు."

వెనక అమ్మాయిల ముఖాలు వాడిపోయాయి. ఆమె పైపు పట్టుకుంది.

"స్టార్ట్ జేసి నిమిషం గాలె. నిమిషంల చాయ్ నీళ్లే కాగయి, ఇంజన్ ఎట్ల కాగుతది తమ్మీ? ముట్టి సూడు."

అతను ముట్టాడు. పైపు చల్లగా ఉంది.

"వేడి జెప్పే సెన్సర్ పోతున్నది. వారం సంది ఇంజన్ సల్లగున్నప్పుడే ఫ్యాన్ తిరుగుతున్నది. పొద్దుగాల స్టార్ట్ గానీకి సతాయిస్తున్నది."

సెన్సర్ వైరు ఊడదీసింది. సూది కిందికి పడిపోయింది.

మెకానిక్ నవ్వాడు. "ఇగ నా షాపు షట్టర్ గూడ నువ్వే తెరువక్కా."

"సాయంత్రం తెరుస్త. కొత్త సెన్సర్ తెచ్చిపెట్టు."

దారిలో రెండుసార్లు ఆగి పైపు తాకి చూసింది. పది నిమిషాల ముందే చేరాం. సాయంత్రం సెన్సర్ మార్చారు. ఇంజన్ విప్పలేదు.

థర్మామీటర్ గురించి ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. ఆ ఉదయం ఎర్రగీత చూసి భయపడింది నేనే. ఈ సంగతి స్టాఫ్ రూంలో ఎన్నిసార్లు చెప్పుకున్నానో. గర్వంగానే చెప్పుకున్నాను. ఆమెతో మాత్రం ఒక్కసారీ అనలేదు.

పెద్దకర్మ అయ్యాక ఆ ముగ్గురిలో ఒకమ్మాయి వచ్చింది. ఫోటో ముందు దండం పెట్టింది. తర్వాత అడిగింది.

"సార్, రేపు ఏడింటికి కాల్. అక్క బండి వస్తదా?"

"వస్తది" అన్నాను.

ఉదయం బానెట్ ఎత్తాను. డబ్బాలో కూలెంట్ గీత దాకా ఉంది. పైపు మీద చేయి పెట్టాను. చల్లగా ఉంది. సీట్లో కూర్చుంటే మోకాళ్లు స్టీరింగ్‌కు తగిలాయి. ఆమె పొట్టి. నేను సీటు వెనక్కి జరపలేదు. ఆ అమ్మాయిని ఎక్కించుకుని ఫిలింనగర్ ఎత్తు ఎక్కుతుండగా సూది మెల్లగా లేచి, సగం దగ్గర, ఉండాల్సిన చోటే నిలబడింది.