రిమోట్ మొరాయించిన చలికాలం

మొన్న ఆదివారం మా ఇంట్లో టీవీ రిమోట్ పలకకపోతే వెనక మూత ఊడదీశాను. లోపల సెల్లు కారిపోయి, స్ప్రింగు చుట్టూ పచ్చటి చిలుము పట్టి ఉంది. దాన్నుంచి తుప్పూ ఉప్పూ కలిసినట్టు, నాలుక చివర పులుపు తగిలినట్టు ఒక వాసన వచ్చింది. కొందరికి మల్లెపూల వాసనతో బాల్యం గుర్తొస్తుందట, కొందరికి కొత్త పుస్తకాల వాసనతో. అదృష్టవంతులు. నాకు మాత్రం కారిపోయిన సెల్లు చాలు, కోలారులో ఉన్న ఇల్లూ వాకిలీ మరిచిపోయి, కేజీఎఫ్‌లో మా లైన్ ఇంటి నడిమి గదిలో, నాయన మంచం పక్కన నిలబడిపోతాను.

లైన్ ఇళ్ళంటే గని పనివాళ్ళ కోసం వరసగా, ఒకదానికొకటి ఆనించి కట్టిన చిన్న ఇళ్ళు. మధ్యగోడ ఒక్కటే కాబట్టి మా ఇంట్లో తుమ్మితే పక్కింటివాళ్ళు చిరంజీవ అనేవాళ్ళు; ఒకరింట్లో ఎండుచేపలు వేగితే వరసంతా ఒక ముద్ద ఎక్కువ తినేది. ఇళ్ళ వెనక, బంగారం తీసేశాక పారబోసిన పిండిమన్ను తెల్లటి గుట్టలుగా పేరుకుని ఉండేది. సైనైడ్ గుట్టలనేవాళ్ళు. ఆషాఢమాసం గాలికి ఆ పిండి లేచి, ఆరేసిన బట్టల మీదా, కడిగి బోర్లించిన గిన్నెల మీదా, మా కనురెప్పల మీదా పడేది. పెద్దలు వద్దన్నకొద్దీ మేం వెళ్ళి, అట్టముక్కల మీద కూర్చుని ఆ గుట్టల మీంచి జారి, తెల్లటి దయ్యాల్లాగా ఇళ్ళకు చేరేవాళ్ళం. అప్పుడప్పుడూ ఉన్నట్టుండి కాళ్ళ కింద భూమి గుమ్మని అదిరి, గూట్లో గిన్నెలు కింద పడేవి. ఎక్కడో లోతున రాయి పగిలిందని అర్థం. ఆడవాళ్ళందరూ పొయ్యి మీదివి పొయ్యి మీదే వదిలేసి గని నోటి దగ్గరికి పరుగెత్తేవాళ్ళు, మేం వాళ్ళ కొంగులు పట్టుకుని వెనకే. తమవాడు కేజిలో, అంటే మనుషుల్ని గనిలోకి దించి ఎత్తే ఇనుప బోనులో, పైకి వచ్చేదాకా ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవాళ్ళు కారు. అలాంటి చోట బతికినవాళ్ళకు ఇంట్లో అలికిడి లేకపోతే గుండె గుబేలుమనాలి. మా ఇంట్లో అదే తారుమారైంది.

వేసవి రాగానే కామసముద్రం నుంచి అవ్వ గోనెసంచిలో వరిగడ్డి పరిచి మామిడికాయలు తెచ్చేది. అవి మగ్గే పది రోజులూ మంచం కింద తేనెటీగలకు మా కంటే ఎక్కువ హక్కు ఉండేది. వానలప్పుడు వేడి రాగి సంకటి, అందులోకి ఉలవచారు. ఇక చలికాలమంటే మాకు అనపకాయలే, చిక్కుడు జాతి గింజకాయలు. మంచులో తడిసిన ఆ కాయల ఘాటు వాసన సంత నుంచి వచ్చే బస్సుల్లో కూడా నిండి ఉండేది. గింజలు రాత్రి నానేసి, పొద్దున బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా ఒత్తితే, తోలు చేతిలో ఉండిపోయి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. అదే పితికిపప్పు. అదొక పని కాదు, పసిపిల్లలు కూడా చేస్తారు. నాయన సెలవు రోజున గిన్నె ముందేసుకుని కూర్చుని, ఒక్కో గింజనూ గురిచూసి నా నెత్తి మీదికి ఎగరగొట్టేవాడు. పులుసులోకి పోవలసిన పప్పు సగం నా జడలో దొరికేదని అమ్మ సణిగేది.

నాయన గనిలో బెల్‌మన్. భూమి లోతున కేజి ఆగేచోట నిలబడి, మనుషులు ఎక్కాక గంట కొట్టి పైన ఇంజను నడిపేవాడికి కబురు పంపడం ఆయన పని. ఆగమంటే ఒక తీరు, దించమంటే ఒక తీరు, లోపల మనుషులున్నారు మెల్లగా లాగమంటే మరొక తీరు. ఆ ఇంజను నడిపింది మా వరస చివరింటి సెల్వం మామ. తమిళాయన, పెద్ద మీసం, పెద్ద నవ్వు. ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా, ఒక్క గంట చప్పుడు మీద నమ్మకంతో ఆ ఇద్దరూ అన్నేళ్ళూ అందరినీ పైకీ కిందికీ చేరవేశారు. గంట రాకుండా కేజి కదలకూడదు. ఇద్దరికీ దేవుడి మాట తర్వాత మాట అది. అడక్కముందే అన్నం వడ్డిస్తే నాయన అమ్మను ఏడిపించేవాడు: "గంట కొట్టక ముందే కేజి ఎత్తేస్తివి కదమే!"

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము పేరుకుందని నాయన్ని పనిలోంచి ఇంటికి పంపేశారు. గనులు మూసేస్తారని ఊరంతా ప్రతి ఏడూ చెప్పుకుని, ప్రతి ఏడూ నమ్మకుండా ఉండే రోజులవి. ఇంటికి వచ్చిన కొత్తలో ఆయన బజారులో టీవీలు అమ్మే శెట్టి దగ్గర ఒక రంగుల టీవీ కొన్నాడు. రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు చుట్టి, దాన్ని దిండు పక్కనే పెట్టుకునేవాడు. మరొకరు ముట్టడానికి లేదు. ఏడాది తిరిగేసరికి ఆయన మంచం దిగడం మానేశాడు. ఆ తర్వాత గొంతు పోయింది. మాటలు వచ్చేవి, కానీ పక్క గదికి వినిపించేంత గాలి లోపల లేదు. అప్పుడు ఆ రిమోటే ఆయనకు గంట అయింది. టీవీ శబ్దం ఒక్కసారిగా పెరిగితే రమ్మని. పెరిగి తగ్గితే నీళ్ళు. మొత్తంగా ఆగిపోయి మళ్ళీ వస్తే ఉమ్మి గిన్నె తెమ్మని. వంటింట్లో ఉన్న అమ్మ ఎవరి పాట వస్తోందో, ఎవరు ఏడుస్తున్నారో పట్టించుకునేది కాదు. శబ్దం ఎక్కిందా దిగిందా అనే చెవి ఒగ్గేది.

దానికి ఆయన ఒక షరతు పెట్టాడు. "గంట కొట్టితే రాండి. సుమ్మనె వచ్చి వచ్చి మొగం చూడొద్దండి," అన్నాడు. ఊరికే తొంగిచూస్తే జబ్బు మనిషిని చూసినట్టుంటుందని ఆయన బాధ. ఒకప్పుడు అందరి ప్రాణాలకూ జవాబు చెప్పిన మనిషి కదా, ఆ మాత్రం మాట చెల్లాలి అనుకున్నాం.

ఆ చలికాలంలో ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి టీవీ మామూలుగా మోగుతోంది. అమ్మ వెనక దొడ్లో బట్టలు ఉతుకుతోంది. నీళ్ళు తాగుదామని వంటింట్లోకి పోతూ నడిమి గది చూశాను. నాయన సగం మంచం మీదా సగం కిందా ఉన్నాడు. చెంప గచ్చుకు ఆని ఉంది, దాని పక్కన రక్తం కలిసిన కఫం. పిడికిట్లో రిమోట్, దాని మీద బొటనవేలు. టీవీలో ఎవరో పట్టుచీరల వాళ్ళు పళ్ళికిలించి నవ్వుతున్నారు. నా కేకకు అమ్మ సబ్బు చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం పైకి లేపి దిండుకు ఆనించాం. బరువేమీ లేడు. చాలాసేపటికి ఊపిరి కూడదీసుకుని అన్నాడు: "ఒత్తినా మే. అప్పట్నించీ ఒత్తతానే ఉండా. పలకలా."

గంట వినిపించలేదు కాబట్టి అమ్మ కదలలేదు. గనిలో అయితే అది సరైన పనే. అమ్మ ఆ రోజు తనను తాను ఒక్క మాట కూడా అనుకోలేదు, ఏడవలేదు, పూనకం వచ్చినట్టు రిమోట్‌ను తిట్టిపోసింది. నాయన కూడా గొంతు కలిపాడు. దోషం దానిదే అని ఇంటిల్లిపాదీ తీర్మానించుకున్నాక మాకు కొంచెం ధైర్యం వచ్చింది. చెడిపోయిన వస్తువును బాగుచేసుకోవచ్చు కదా.

సెల్లు తీసి ఎండలో పెట్టాం. పంటితో నొక్కి పెట్టాం. కొత్తవి వేశాం. స్ప్రింగుల తుప్పును గరుకు కాగితంతో గీకాం. రిమోట్‌ను అరచేతిలో వేసి కొట్టాం; ఆ దెబ్బలన్నీ మనుషులకు పడి ఉంటే ఎవరో ఒకరు దారికి వచ్చేవాళ్ళే. నేను నొక్కితే శబ్దం పెరిగేది. అమ్మ నొక్కితే పెరిగేది. సంతోషంగా నాయన చేతిలో పెడితే ఒక పూట పనిచేసి, మరో పూట మొండికేసేది. "యాడో లూజు ఉండాది," అనేవాడు నాయన. శెట్టి అంగడికి పట్టుకుపోయాను. ఆయన మరలు విప్పి చూపించాడు, లోపలంతా సైనైడ్ గుట్టల తెల్లటి పిండి. "మీ లైన్లలో సామాన్లన్నీ ఇట్లే పాపా," అని, బటన్ల రబ్బరును సబ్బునీళ్ళలో కడిగి, అడుగున ఉన్న నల్ల చుక్కలను నా పెన్సిలు రబ్బరుతోనే తుడిచాడు. మళ్ళీ బిగించి, పాత రేడియో ఒకటి తిప్పి, దాని పక్కన రిమోట్ పెట్టి నొక్కాడు. రేడియో గుర్రుమంది. "చూస్తివా? ఇది గుర్రంటే రిమోట్ బతికే ఉండాదని అర్థం. ఇంగ భయం లేదు, పో," అన్నాడు. దారంతా ఎగురుకుంటూ వచ్చాను.

ఇంట్లో మళ్ళీ అదే కథ. దుప్పటి అడ్డం వస్తోందేమోనని దుప్పటి తీసేశాం. కవరు తీసేశాం. టీవీని మంచం దగ్గరికి జరిపాం. చివరికి కొత్త రిమోట్ కొన్నాం. దాని బటన్లు ఇంకా బిర్రుగా ఉండి, అది ఆయన చేతిలో ఒక్క పూట కూడా పలకలేదు. ఈ లోగా అమ్మ వంటింటికీ నడిమి గదికీ తిరుగుతూనే ఉంది. ఆమె తొంగిచూసినప్పుడల్లా నాయన ముఖం గోడ వైపు తిప్పుకునేవాడు.

ఒకరోజు పొద్దున అమ్మ నానిన అనపగింజల గిన్నె తెచ్చి మంచం పక్కనే చాప వేసుకుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. నాయన కాసేపు చూసి చెయ్యి చాపాడు. అమ్మ నాలుగు గింజలు ఆయన అరచేతిలో వేసింది. ఒకదాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని, పాత అలవాటున నా నెత్తి వైపు గురిచూశాడు. ఒత్తాడు. గింజ కదలలేదు. కళ్ళు చిట్లించి, కింది పెదవి పంటితో పట్టి మళ్ళీ ఒత్తాడు. మెడ నరాలు పొంగాయి. గింజ తోలులోనే ఉంది.

అమ్మ చేతులు ఆగిపోయాయి. ఆమె ఆ గింజను చూసింది, ఆ బొటనవేలిని చూసింది, దిండు పక్కన ఉన్న రిమోట్‌ను చూసింది. ఆమె ముఖంలో రక్తం దిగిపోవడం నాకు కనపడింది. నాకూ అప్పుడే తెలిసింది.

"అది నానలా మామా," అంది అమ్మ. నాయన ఆమెకు స్వయానా మేనమామ, పెళ్ళయినా ఆ పిలుపు మారలేదు. ఆయన వేళ్ళ మధ్య నుంచి గింజను మెల్లగా తీసుకుని గిన్నెలో కలిపేసింది. "ఈ తూరి గింజలే మంచివి కాదు. ఆ రిమోటూ అంతే, అది బాగయ్యేది కాదు. నేను ఈడనే కూచుంటా, ఇంగ దాన్ని వదిలేయ్."

ఆ పూటే కిరసనాయిలు స్టవ్వును నడిమి గది గుమ్మంలోకి మార్చింది. నాయన కాదనలేదు.

కొన్నాళ్ళకు సెల్వం మామ చూడటానికి వచ్చాడు. నాయనకు ఎక్కడ లేని ఉత్సాహం వచ్చి, ఊపిరికీ ఊపిరికీ మధ్య, రిమోట్ గురించీ, దాన్ని చేసిన కంపెనీ గురించీ, అమ్మిన శెట్టి గురించీ తనివితీరా ఫిర్యాదు చేసి, "నువ్వు ఒత్తి చూడప్పా," అని రిమోట్ అందించాడు. టీవీ మోగుతోంది. మామ ఇనుప పిడులు తిప్పిన చెయ్యి అది, దాని కింద ఏ బటను పలకదు? గుమ్మంలో స్టవ్వు ముందున్న అమ్మ తలెత్తి ఆయన వంక చూసింది. తల అడ్డంగా కూడా ఊపలేదు, ఊరికే చూసింది. మామ రిమోట్ ఎత్తి, బటనుకు పక్కన, వట్టి ప్లాస్టిక్ మీద బొటనవేలు పెట్టి, మీసాలు అదిరేలా ఒత్తాడు. "అయ్యో, ఇది సెత్తుపోచ్చుప్పా. సచ్చిపోయింది. ఎవరు ఒత్తినా పలకదు," అన్నాడు.

నాయన ఆయన చేతిని కాసేపు చూశాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "కాఫీ ఇయ్యిమే వానికి. చానా గట్టిగా ఒత్తినాడు," అన్నాడు.

శివరాత్రి రాకముందే నాయన పోయాడు. అమ్మ పక్కనే ఉంది, చెయ్యి పట్టుకునే ఉంది. ఆ తర్వాత కొన్నేళ్ళకు గనులు మూతపడ్డాయి. ఇప్పుడు అక్కడికి వెళితే కేజి లేని ఇనుప టవర్లు, నీళ్ళు నిండిన సొరంగాల గురించి కథలు, కప్పులు ఊడిపోయిన లైన్ ఇళ్ళు. కాళ్ళ కింద భూమి అదరదు, అదిరినా పరుగెత్తేందుకు ఎవరూ లేరు. సెల్వం మామ పోయాడు. పోయినేడు అమ్మా పోయింది. నాయన ఆ కాఫీ మాట తెలియక అన్నాడా, అంతా తెలిసి అన్నాడా అని అమ్మను నేనెన్నోసార్లు అడగబోయాను. అడిగితే అమ్మ ఇన్నేళ్ళుగా కాపాడుకొచ్చింది నా నోటితో పోతుందని ఊరుకున్నాను. ఇప్పుడు అడగడానికి మనిషి లేదు. ఎవరైనా ఆ రోజుల గురించి ఎత్తితే, మా నాయన రిమోట్ చెడిపోయిందనే చెబుతాను.