ఏ అంకులమ్మా?

కెనడాలోని సర్రీలో తెలుగువాళ్ల పెళ్లి ఏది కుదిరినా, శుభలేఖ అచ్చుకు వెళ్లే ముందు సరోజన గారి డైనింగ్ టేబుల్ మీదికి రావాల్సిందే. తెనాలిలో ఇంటర్‌తో చదువాపేసిన మనిషి. ముప్పై ఏళ్లలో వరస తప్పిన పెళ్లి ఒక్కటీ ఆమె చేతుల మీదుగా జరగలేదు. "మా ఆవిడ ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు, స్టాంపు పడితేనే తాళి" అని భర్త జనార్ధనరావు వేళాకోళమాడేవారు.

స్కైట్రైన్ నిండా మన పిల్లలే కనిపించే రోజులవి. అందరివీ కంప్యూటర్ కోర్సులే. మృదుల ఒక్కతే బర్నబీ కొండమీది యూనివర్సిటీలో హిస్టరీ ఎం.ఏ.లో చేరింది. "హిస్టరీకి ఇంతదూరం ఎందుకమ్మా?" అని అడగని ఇల్లు సరోజన గారిదొక్కటే. అందుకే ప్రతి ఆదివారం అక్కడికే భోజనానికొచ్చేది.

ఆ ఆదివారం అన్నం కెలుకుతూ కూర్చుంది.

"గురువారం సెమినార్ ఆంటీ. అది నచ్చితేనే గైడ్‌గా ఉంటానన్నారు ప్రొఫెసర్. లేకపోతే కోర్సు మారిపోవాలి."

"దేనిమీదే?"

"పోర్చుగల్ యువరాణి పెళ్లి. పద్దెనిమిదో శతాబ్దం."

"పెళ్లా? అయితే పట్రా."

మృదుల వంశవృక్షం పరిచింది. యువరాణి మరియా తల్లి స్పెయిన్ ఆడపడుచు. 1760లో మరియా తన అంకుల్ పెద్రోని చేసుకుంది.

"మేనమామ అన్నమాట. మన మేనరికంలాగే. స్పెయిన్‌తో చుట్టరికం గట్టి చేసుకున్నారని రాశా."

సరోజన గారు కళ్లజోడు పెట్టుకున్నారు. "పిల్ల ఇంటిపేరు?"

"బ్రగాంజా."

"పెళ్లికొడుకుది?"

మృదుల కాగితంలోకి చూసింది. "అదీ... బ్రగాంజానే."

"స్పెయిన్ మేనమామకి వీళ్ల ఇంటిపేరెలా వచ్చింది? ఏ అంకులమ్మా అతను?"

లాప్‌టాప్ తెరిచి వెతికిన మృదుల ముఖం పాలిపోయింది. "తండ్రికి తమ్ముడు ఆంటీ."

"బాబాయా! రామ రామ!"

సోఫాలోంచి జనార్ధనరావు తొంగిచూశారు. "ఆ సంబంధం నువ్వు కుదర్చలేదు కదా?"

"మీరూరుకోండి."

"ఇరవై పేజీలూ తప్పే" అంది మృదుల, కళ్లు తుడుచుకుంటూ.

"ఏడవకు. పిల్లని బాబాయికి ఊరికే ఇస్తారా? రాజుగారికి కొడుకుల్లేరా?"

"లేరు. నలుగురూ కూతుళ్లే."

"చూశావా. బయటి అల్లుడొస్తే కిరీటం వాడి ఇంటిపేరులోకి పోతుంది. అది చుట్టరికం కలుపుకోవడానికి చేసిన పెళ్లి కాదే, తలుపేసుకోవడానికి చేసింది. సరే, వాళ్ల పిల్లాడికి ఎవర్నిచ్చారు?"

ఈసారి మృదుల తొందరపడలేదు. ఆంట్ అన్న మాట కింద వేలుపెట్టి, ఆమె తల్లిదండ్రులెవరో చూసి మరీ చెప్పింది. "తల్లికి ఆఖరి చెల్లెలు. అతనికి పదిహేను, ఆవిడకి ముప్పై."

"పిన్నినా! అంటే కన్నతల్లే వదినైంది. తండ్రీ కొడుకులు తోడల్లుళ్లు! ఆ ఇంట్లో ఒకళ్లనొకళ్లు ఏమని పిలుచుకున్నారో, పాపం."

మృదులకి నవ్వాగలేదు. కంచం ముందుకు లాక్కుని, తింటూనే మొదటి పేజీ అడ్డంగా కొట్టేసింది.

గురువారం సరోజన గారు రెండు రైళ్లూ బస్సూ మారి కొండెక్కి, చివరి వరసలో కూర్చున్నారు. తెరమీద అంకుల్ లేడు, ఆంట్ లేదు. బాబాయి, పిన్ని, తోడల్లుళ్లు అని తెలుగక్షరాలు. ఇవేమిటని ప్రొఫెసర్ మధ్యలోనే ఆపారు.

"మీ ఒక్క మాటకి మాకు ఐదారు మాటలున్నాయి. నేనూ మీ మాటనే నమ్మి మోసపోయాను. తప్పు పట్టుకుంది ఆవిడ" అని మృదుల ఇంగ్లీషులో చెప్పి వెనక వరస చూపించింది. "మా ఊళ్లో సంబంధాలు చూస్తారు."

గది మొత్తం వెనక్కి తిరిగింది. ఆ మాట విని నవ్వినవాళ్లని సరోజన గారు చాలామందినే చూశారు. ఇక్కడెవరూ నవ్వలేదు. ఆమె పైట సవరించుకుని తలెత్తి కూర్చున్నారు.

సెమినార్ అయ్యాక ప్రొఫెసర్ మృదుల ఫారం మీద గైడ్‌గా సంతకం పెట్టారు. తర్వాత తన బల్లమీంచి మరో రాజవంశం చార్టు తీసి, ఇందులో ఒక కజిన్ ఎవరో తనకూ తేలడం లేదని, ఆవిడ ఒకసారి చూస్తారేమో అడగమన్నారు.

సరోజన గారు కళ్లజోడు తీశారు, తుడిచి పెట్టుకున్నారు.

"ముందు ఇంటిపేరు చెప్పమనవే."