మా ఇంటావిడ పలకని పేరు

పెళ్లయిన నాటి నుంచి మా ఇంటావిడ నా పేరు పలకలేదు. పలికితే మొగుడి ఆయుష్షు తరుగుతుందని ఆవిడ పుట్టింటి పట్టింపు. నా ఆయుష్షు మీద ఆవిడకున్న శ్రద్ధలో వీసమెత్తు నాకు నా షుగర్ మీద లేదు. ఇంట్లో నేను ‘ఆయన’ని, ‘ఇగో’ని, కోపమొస్తే ‘ఈ మనిషి’ని.

అలాంటి ఆవిడకు సుబేదారిలోని ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లిష్ టీచరు కొలువుకు డెమో క్లాసు పడింది. పాఠం సర్వనామాలు. ఈ కొలువు కోసం ఆవిడ పడిన ఆరాటం ముందు ధర్మసాగర్ చెరువు చెంబెడు నీళ్లు. పర్సనల్, పొసెసివ్, రిఫ్లెక్సివ్ అంటూ రకాలన్నీ గడగడా అప్పజెప్పింది. తీరా బడివాళ్లిచ్చిన పుస్తకం తెరిస్తే మొదటి వాక్యంలోనే నా పేరు! ఫలానావాడు మంచి బాలుడు, అతడు రోజూ బడికి వెళ్తాడు, అని.

“ఇంగ్లిష్‌ల చదివితే పట్టింపు ఉండదే,” అన్నాను.

“ఆయుష్షుకు ఇంగ్లిష్ రాదా?”

“జర చదువు. కొలువు పోతది.”

“మనిషి పోతే?”

మర్నాడు ఆవిడ తరగతిలో, నేను వరండాలో కిటికీ పక్కన. నా గుండె చప్పుడుకు మట్టెవాడలో మా ఇంటి పెంకులు కదిలే ఉంటాయి. వెనక బెంచీలో ప్రిన్సిపల్ మేడం. మా ఇంటావిడ పుస్తకం తెరిచింది. నోరూ తెరిచింది. మాట రాలేదు. మేడం గడియారం చూసుకుంది.

మా ఇంటావిడ చటుక్కున బోర్డు మీద ‘హీ’తో మొదలయ్యే రెండో వాక్యం ఒక్కటే రాసింది. “హీ అంటే ఎవరు?”

“మా తమ్ముడు టీచర్!”

“మా ఆటో అంకుల్!”

“చూసిండ్రా, తలా ఒకరిని అంటాండ్రు. ముందుగాల పేరు తెలిస్తేనే హీ ఎవరో తెలుస్తది. ఇగ మొదటి లైన్ల ఆ పేరు చూసి అందరు గట్టిగ చదువుండ్రి!”

తరగతంతా నా పేరు కేకేసింది. హనుమకొండ గుట్టలు బదులు పలికి ఉండాలి. వాటికంటే ముందు నేను పలికాను, “ఆఁ!” అని.

మేడం లేచి నిలబడింది. “ఎవరండి మీరు?”

 మా ఇంటావిడ ముఖం సున్నం కొట్టిన గోడ. ముందు బెంచీలోని పిల్ల నా వైపు వేలు చూపించి, “టీచర్, హీ అంటే ఈయననా?” అంది.

ఆవిడ తల వంచుకుంది. “ఔ బిడ్డ. ఆయనే.”

మేడం నవ్వలేదు. బోర్డునొకసారి, నన్నొకసారి చూసింది. వరంగల్‌లో గాలి ఆగిపోయింది.

“వీళ్లు ఈ పాఠం ఇక మర్చిపోరు. సోమవారం వచ్చి జాయిన్ అవండి,” అంది ఆవిడతో. నాకేసి తిరిగి, “మీరు మాత్రం గేటు బయటనే ఆగాలె,” అంది.